ఎడమ అంచు దగ్గర చౌడమ్మ

గద్వాల చీర ఏదైనా సరే, తెచ్చి నా ఒళ్ళో వేయండి. కళ్ళు మూసుకుని అంచు మీద బొటనవేలు నడిపిస్తే చాలు. నేసిన మగ్గం ఏ వీధిదో, నేసిన మనిషిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో, ఆ పూట ఆ ఇంట్లో గోంగూర వండారో గోకరకాయ వండారో కూడా చెప్పేస్తాను. పెళ్ళిళ్ళలో నేను ఎదురొస్తే ఆడవాళ్ళు కొంగులు దాచుకుంటారు, ఇంటి గుట్టు ఎక్కడ బయటపెడతానోనని. ఇంతటి వేలు గలవాడిని కాబట్టే జములమ్మ చీర సంగతి చెప్పే హక్కు నాకుంది.

జములమ్మది నేతగాళ్ళ వీధిలో చివరి ఇల్లు. ఆ ఇంట్లో పెద్ద గది మగ్గానిది, చిన్న గది మనుషులది. మనుషులంటే జములమ్మ, మొగుడు తిమ్మప్ప, ముసలి అత్త అంజమ్మ. కూతురు సంధ్య వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. పుట్టుకలు వేరైన ఆ రెండు పోగులూ ప్రతి వరసలోనూ ఒకదాని మెడ మీద ఒకటి చేయి వేసుకున్నట్టు మెలిపడాలి. అందుకని ఆ మగ్గానికి ఇద్దరు కావాలి. నడుమ కూర్చున్నవాళ్ళు పేకపోగు మోసే నాడె విసిరి, పలకతో దెబ్బ కొట్టి పోగును బిగిస్తారు. ఎడమ అంచు దగ్గర కూర్చున్నవాళ్ళు అటు వచ్చిన నాడెను అందుకుని, పట్టుపోగుకు మెలివేసి, తిప్పి పంపుతారు. జములమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి నడుమ తిమ్మప్ప, ఎడమ పక్క జములమ్మ. పెళ్ళిపీటల మీద పక్కపక్కన కూర్చోవడం ఒక పూట ముచ్చట. ఇది బతుకంతా.

ఆ వీధి మొదట్లో చౌడమ్మ గుడి ఉంది. గుడి అనగానే పెద్దగా ఊహించుకోకండి. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీద నిలబడాలి. కానీ ఆ తల్లికి ఏటా జాతరనాడు కొత్త చీర ఈ వీధి మగ్గం మీది నుంచే పోవాలి, ఏడుకొక ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంటి ఆలుమగలు నీసు మాని, పొద్దున్నే తలస్నానం చేసి, మొదటి పోగు నుంచి కడపటి పోగు దాకా తామిద్దరే నేయాలి. మధ్యలో చేయి మారకూడదు. మారలేదని గుడిపెద్ద నాగప్ప అందరి ముందరా అంచు మీద వేలు నడిపి ఒప్పుకోవాలి. దాన్ని జంట చీర అంటారు. ఈ ఏడు వంతు తిమ్మప్పది.

చీర సగానికి వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, మగ్గం గుంటలోకి కాళ్ళు దించుతూ తిమ్మప్ప, “జములా, ఛాతిల ఏందో పట్టినట్టుందే” అన్నాడు. ఆటో దవాఖాన గేటు దాటేసరికే మనిషి లేడు.

కర్మనాడు ఆడవాళ్ళు చుట్టూ చేరి గాజులు తీయబోతే జములమ్మ రెండు చేతులూ చాపింది.

“తీస్కపోండ్రి. బొట్టు గావాల్నా, తుడుచుకోండ్రి. ఆ నాడె మాత్రం ఎవరన్న ముట్టిండ్రో, సూడుండ్రి మల్ల!”

ఆ సాయంత్రం నాగప్ప వచ్చాడు. వెంట జములమ్మ మరిది హన్మంతును కూడా తెచ్చాడు.

“జములమ్మా, జరిగింది జరిగిపాయె. జాతర దగ్గరవడ్డది. మగ్గం మీదున్న సీర కోసి పక్కన వెట్టు. హన్మంతు, ఆయన పెండ్లాము కొత్తగ మొదలువెడ్తరు.”

“కోసుడా? ఎందుకు మామా?”

“సావు వడ్డ సీర తల్లికెట్ల కడ్తం బిడ్డా? అది జంట సీర. జంట ఏడున్నదిప్పుడు?”

జములమ్మ మరిది వైపు తిరిగింది. “నువ్వు కోస్తవా హన్మంతూ? కోస్తె కోయి. కత్తెర ఆ గూట్ల ఉంది.”

హన్మంతు ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి. గూటి వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. “నాకు బస్సు టైమయితుంది వదినె” అని లేచి వెళ్ళిపోయాడు. అతని ఇల్లు అదే వీధిలో కాస్త ఇవతల. ఆ వీధిలోకి ఏ బస్సూ ఏనాడూ రాలేదు.

నాగప్పను పంపించాక అసలు పోరు అత్తతో మొదలైంది. అంజమ్మ రాట్నం దగ్గర కూర్చుని నాడెలోకి నూలు కండెలు చుట్టేది. కొడుకు పోయిన నాటి నుంచి ఆ రాట్నాన్ని గోడకు తిప్పి పెట్టింది.

“నా కొడుకును మింగింది సాలలేదా దానికి? మల్ల సీర గావాల్నంట సీర! దాని నోట్ల మన్నువడ. ఒక్క కండె సుట్ట నేను.”

“తిట్టు అత్తా, నేనొద్దంటున్ననా? నేను గూడ తిడ్త. కని ఈడ కూసోని తిడ్తె గుడిదాంక ఇనవడ్తదా? సీర నేస్త. తీస్కపోయి ఆమె ఒంటికి సుట్టి, మొఖం మీదనే అడుగుత, ఎందుకు జేసినవే అని.”

“అడిగితె చెప్తదా?”

“చెప్పకుంటె చెప్పకపాయె. నన్ను ముంగట వెట్టుకోని మొఖం ఎటు దిప్పుకుంటదో సూస్త.”

జములమ్మకు ఆ రోజుల్లో లోకమంటే ఆ సగం చీరే. అది తెగిందా, తిమ్మప్ప కొట్టిన దెబ్బలన్నీ చింపిరి గుడ్డ అయిపోతాయి. తెగకుండా పూర్తయిందా, ఆయన మొదలుపెట్టింది తల్లి ఒంటి మీదికి చేరుతుంది, దాని వెంట తనూ ఆమె దాకా చేరుతుంది. వేరే దారి ఆమెకు కనబడలేదు.

మరునాడు పొద్దున, కర్మకు వచ్చిన సంధ్యను తిరిగి హాస్టలుకు పంపి, తలస్నానం చేసి మగ్గం దగ్గరికి పోయింది. ఎప్పటిలా ఎడమ పక్క కూర్చోబోయి ఆగిపోయింది. అక్కడ కూర్చుంటే దెబ్బ ఎవరు కొట్టాలి? నడుమకు జరిగింది. తిమ్మప్ప కాళ్ళకు అరిగి నున్నబడిన తొక్కుడు చెక్కల మీద తన కాళ్ళు పెట్టింది. అప్పుడు పక్కకు చూస్తే ఎడమ అంచు దగ్గర ఎవరూ లేరు. పోయింది ఆయన, ఖాళీ అయింది తన జాగా. ఆ తిరకాసు తలకెక్కేసరికి కళ్ళు మసకలై పోగులు కనబడలేదు.

అయినా నాడె విసిరింది. ఎడమ పక్కకు ఒరిగి తనే అందుకుంది. మెలివేసి, తిప్పి పంపి, మళ్ళీ నడుమకు వచ్చి దెబ్బ కొట్టింది. ఒక్క వరస. మళ్ళీ ఒరగాలి, మళ్ళీ రావాలి. తిమ్మప్ప దెబ్బ బరువు, ఆమెది తేలిక. కొత్తగా నేసింది పాత నేతను అంటుకుంది కానీ దానిలా కాలేదు. మధ్యాహ్నానికి నడుము కట్టెలా బిగుసుకుపోయింది. అప్పుడు ఆమెకు రోషం వచ్చింది. ఏడుపు వేరు, ఇది ఉత్త రోషం.

“ఓ చౌడమ్మా! సీర నీదా నాదా? నీ సీరకు నా నడుం ఇరగాల్నా? గుడిల నిలవడి ఏం జేస్తున్నవ్? ఈడికొచ్చి కూసో. నా జాగ ఖాళీగనే ఉంది. రానంటవా, గప్పుడు జెప్త నీ సంగతి.”

ఆ తర్వాత ఏం జరిగిందో జములమ్మ ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు. నాడె దానంతట అది తిరిగి రాలేదు. గజ్జెలు మోగలేదు. నడుము నొప్పి తగ్గలేదు. ఎప్పటిలా తనే ఒరిగి అందుకుంది. కానీ జంటగా నేసేవాళ్ళు పక్క మనిషిని తల తిప్పి చూడరు, చూస్తే పోగు తప్పుతుంది. చూడకపోయినా మనిషి ఉన్నట్టు చర్మానికి తెలుస్తుంది. ఆ పక్క గాలి కాస్త నిండుగా ఉంటుంది. ఆ పూట ఎడమ పక్క అలా నిండుగా ఉంది. ఎవరో వచ్చి, ఊరుకోమనకుండా, అంతా మన మంచికేననకుండా, ఉత్తగా కూర్చున్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ తలా ఒక మాట చెప్పిపోయారు. ఏమీ చెప్పనిది ఈమె ఒక్కతే.

జములమ్మ తల తిప్పలేదు.

“సూడ నేను” అంది పళ్ళ బిగువున. “ఉన్నవో లేవో తొంగి సూసేటంత అగ్గువదాన్ని గాను. ఉన్నవంటె ఉన్నవ్.”

ఏడుస్తూనే నేసింది. ఏడుపు ఆపాలని ఆ పూట ఆమెకు తోచలేదు, ఆపమనేవాళ్ళూ పక్కన లేరు.

అంజమ్మ గడపలో కూర్చుని ఇదంతా గమనిస్తూ వచ్చింది. కోడలు రోజూ ఎడమ పక్కకు మాటలు విసరడం, మధ్యమధ్య మూతి తిప్పడం, ఒకసారి ఫక్కున నవ్వడం కూడా చూసింది. ముసలామెకు పరేషాన్ పట్టుకుంది. కొడుకు పాయె, ఇప్పుడు కోడలికి మతి పాయెనా? చివరికి ఉండబట్టలేక లేచి వచ్చింది.

“నడుం ఇరుగుతది గని, నేనందిస్త తియ్యి నాడె” అంటూ ఎడమ పక్క కూర్చోబోయింది.

“అత్తా, ఆడ గూసోకు!”

“ఎందుకే?”

“ఉన్నరు.”

“ఎవరున్నరు?”

“నువ్వు రోజూ తిడ్తున్నవు జూడు, ఆమె.”

అంజమ్మ ఖాళీ జాగా వైపు చూసింది. కోడలి ముఖం చూసింది. మళ్ళీ జాగా వైపు చూసింది. కొంగు తీసి నడుముకు చెక్కింది.

“ఉంటె ఉండనియ్యి. జర జరగమను. ఇద్దరం వడ్తం.”

నిజంగానే ఒక పక్కకు ఒదిగి, ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది. నాడె అందుకుంది. అందుకుంటూనే పక్కకు తిరిగి, “మొఖమెట్ల వచ్చిందే నీకు మా ఇంటికొచ్చెతందుకు?” అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. కొడుకు కడుపులో ఉన్నప్పుడు తను తిన్న చింతచిగురు దగ్గర్నుంచి, కాడి మోసే ఎద్దంత పని చేసే తన కొడుకును పట్టి ఆటోలో ఎత్తి పడుకోబెట్టిన క్షణం దాకా అంతా చెప్పింది. చెప్పింది, తిట్టింది, మధ్యలో “ఇంటున్నవా?” అని గద్దించింది. పొద్దు వాలేసరికి గొంతు పోయింది. మరునాడు చూస్తే రాట్నం గోడ వైపు నుంచి ఇటు తిరిగి ఉంది.

అంజమ్మ కళ్ళకు మసక. ఆమె వేసిన మెలికలు కొన్ని బిగువు, కొన్ని వదులు. ఎడమ అంచు అక్కడక్కడ చీమలబారులా వంకర తిరిగింది. “ఇప్పుదామానే?” అని ముసలామె సిగ్గుపడింది.

“ఉండనియ్యి అత్తా. నువ్వు గట్టిగ తిట్టిన కాడ గట్ల వంకరవోయింది. ఆమెకు తెల్వాలె.”

జాతర వచ్చింది. పొద్దున్నే గుడి ముందర డప్పులు, మైకు, నీళ్ళు చల్లిన నేల. నాగప్ప చాప మీద కూర్చున్నాడు. ఎందుకైనా మంచిదని హన్మంతు చేతా, అతని పెళ్ళాం చేతా ఇంకో చీర నేయించి పక్కన సిద్ధంగా పెట్టుకున్నాడు. జములమ్మ చీరను ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, అంచు మీద వేలు నడిపించాడు. సగం దాకా వేలు నూనె రాసినట్టు జారింది. ఆగింది.

“ఈడ దెబ్బ మారింది.”

డప్పులు కూడా ఆగాయి. ఆ వేలు ఆగిన చోట తిమ్మప్ప అన్నం తిని లేచిన మధ్యాహ్నం ఉంది.

ఇంకాస్త ముందుకు పోయి మళ్ళీ ఆగింది. “ఈడ మెలిక మారింది. ఈ మూడో చెయ్యెవరిది?”

“నాది” అంది అంజమ్మ. “ఏం నాగప్పా, మంచిగ లేదా?”

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. వయసులో పెద్దవాడినని ఆ చీర నా చేతికీ ఇచ్చారు. నేనూ కళ్ళు మూసుకుని వేలు నడిపించాను. దెబ్బా తెలియలేదు, మెలికా తెలియలేదు. గోంగూర, గోకరకాయ అంతా ఉత్త కోతలు. వెనకటికొకసారి మర మగ్గం చీర పట్టుకుని ఇది ఫలానా వారి చేతి నేత అని తేల్చి, అందరూ నవ్వితే చాయ్ చల్లారిపోతోందని జారుకున్న ఘనుడిని. ఆడవాళ్ళు కొంగులు దాచుకునేది నా వేలికి భయపడి కాదు, దానికంటిన నశ్యానికి. చీర మడిచి బుద్ధిగా నాగప్పకే ఇచ్చేశాను.

నాగప్ప కళ్ళు తెరిచాడు. “జములమ్మా, నియమం నియమమే. ఈ సీర తల్లికి రాదు. మారిన కాడికి కోస్తం. తిమ్మప్ప నేసిన సగం గుడిల వెడ్తం, మిగిలింది నువ్వు తీస్కపో.”

“మంచిగున్న సగం తల్లికి, ఏడ్సుకుంట నేసిన సగం నాకా మామా?” జములమ్మ గొంతు పెరగలేదు, కానీ వెనక వరస దాకా వినబడింది. “మా ఇంట్ల ఏమయిందో గదే నేసినం. మంచిగ బతికిన కాడ నున్నగ వచ్చింది, సావొచ్చిన కాడ గరుకొచ్చింది. నున్నగున్నదే కట్టుకుంటనంటె ఆమె తల్లెట్లయితది? సుట్టమయితది. పండుగకొచ్చి తిని పోయే సుట్టం.”

“మాటలు గాదు బిడ్డా. మొగడు వోయినదాని చెయ్యి...”

“నా పక్కన కూసున్నప్పుడు ఆమె నా చెయ్యి సూడలేదు.”

“ఎవరు?”

“చౌడమ్మ. కర్మ అయిన మరునాటి నుంచి మా ఇంట్లనే ఉంది. మా మగ్గం ఎడమ పక్క. నీకు తెల్వదా? గుడి తాళం నీ దగ్గరనే ఉంటది గదా, ఎప్పుడు లేచి వోయిందో సూస్కోలేదా?”

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. నాగప్ప చేయి తనకు తెలియకుండానే మొలకు కట్టుకున్న తాళంచెవిని తడుముకుంది.

జములమ్మ వంగి ఆయన ఒళ్ళోంచి చీర తీసుకుంది. “ఇంటికి వోయి ఆడున్న తల్లికే కడ్త. ఈడ మీరు హన్మంతు నేసింది కట్టుకోండ్రి” అని భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా నడిచింది.

అంజమ్మ మాత్రం ఆగి, జనం వైపు తిరిగింది. “ఇగ టెంకాయలు గిట్ల మా ఇంటికే తెండ్రి. ఒక్కటె మాట, ఇల్లు ఇరుకు. ఒకరెనక ఒకరు రాండ్రి.”

పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు వీధి నడుమ నిలబడిపోయారు. డప్పులవాళ్ళు, “ఎటు దిక్కు గొట్టాలె?” అని ఒకరినొకరు అడిగారు. మొట్టమొదట కదిలింది హన్మంతు పెళ్ళాం. తను నేసిన చీర గుడిలోకి పోబోతుంటే, పళ్ళెం పట్టుకుని జములమ్మ ఇంటి వైపు నడిచింది. ఆమె వెనక ఇంకొకామె, తర్వాత ఒక గుంపు. డప్పులు కూడా అటే తిరిగాయి.

జములమ్మ చీరను మగ్గం ఎడమ పక్కన పరిచింది. వచ్చినవాళ్ళు పసుపు పెట్టారు. పెట్టి ఊరికే పోలేదు. ఒకామె పోయిన చెల్లెలి పేరు చెప్పుకుని ఏడ్చింది. ఇంకొకామె గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

నాగప్ప హన్మంతును వెంటబెట్టుకుని వచ్చేసరికి గది సగం ఖాళీ అయింది. గడప దాటకుండా నిలబడ్డాడు.

“జములమ్మా, గుడి బోసిగుంది. తల్లిని పంపు.”

“పిలిస్తె వచ్చింది గని, పంపుతందుకు నేనెవర్ని మామా? సీర ఎటు వోతె ఆమె అటు వోతది. కోయకుంట తీస్కపోతనంటె తీస్కపో. కట్టేది మాత్రం నేనే, నా చేతితోటి.”

కాదంటాడనుకున్నారు. ఆయన చూపు ఎడమ పక్కన ఆగిపోయింది. పోయినేడు నాగప్ప భార్య కన్నుమూసింది. దినాలప్పుడు కూడా ఆయన కంట నీరు ఎవరూ చూడలేదు, గుడిపెద్ద కదా.

“ఆడ... ఇప్పుడు గూడ ఉన్నదా?” అని అడిగాడు, చిన్నగా.

“ఉన్నది. కూసుంటవా జరసేపు?”

నాగప్ప చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు. బయట మైకు పిలుస్తూనే ఉంది. పిలవనిచ్చారు.

లేచాక ఆయన నియమం మాట ఎత్తలేదు. కోయని చీరను తనే భుజాన వేసుకున్నాడు. వేసుకోగానే అది తడిసిన వడ్ల బస్తా అంత బరువైపోయింది. గుడి దాకా హన్మంతు ఒక పక్క పట్టుకుని నడిపిస్తే తప్ప అడుగు పడలేదు.

గుడిలో జములమ్మే కట్టింది. గరుకు నేత లోపలికి పోకుండా, అందరికీ కనబడేలా కుచ్చిళ్ళు బయటికి తిప్పి మరీ కట్టింది. కట్టి, ముఖంలో ముఖం పెట్టి అడిగింది, “ఎందుకు జేసినవ్?” అని. అడిగి, ఆ తల్లి కొంగు సర్దింది.

“చెప్పకుంటె మానె. రేపు పొద్దుగాల మగ్గం కాడికి రా. కొత్త సీరకు పడుగు ఎక్కియ్యాలె.”

కథ ఇంతే. ఒక్క అబద్ధం మిగిలింది, అదీ చెప్పేస్తాను. ఆ వడ్ల బస్తా బరువు నేను కల్పించాను. అది అన్ని చీరలంత బరువే. హన్మంతు పట్టుకుని నడిపించింది చీరను కాదు, నాగప్పను.